సీనియర్ పాఠం చెప్పరు, దిద్దుతారు: జూనియర్ న్యాయవాదికి ఆఫీసులో పని పట్టుబడే తీరు

లా కాలేజీ దాటి కోర్టు వరండాలో అడుగుపెట్టిన కొత్త న్యాయవాదికి మొదటి ఆశాభంగం ఆఫీసులోనే ఎదురవుతుంది. సీనియర్ కూర్చోబెట్టి ఏమీ చెప్పరు. ఉదయం తొమ్మిదికి ఆఫీసు, పదిన్నరకు కోర్టు, సాయంత్రం ఆరు నుంచి క్లయింట్లు, రాత్రికి మర్నాటి కట్టలు, అంటే కేసు ఫైళ్ళు. ఈ వరసలో పాఠానికి చోటెక్కడ? ఆరు నెలలు తిరిగేసరికి "మా ఆఫీసులో నేర్పేదేం లేదండీ" అన్న మాట బార్ అసోసియేషన్ హాల్లో ఎవరో ఒకరి నోట వినిపిస్తూనే ఉంటుంది. చాలా ఆఫీసుల విషయంలో అది సగమే నిజం. సీనియర్‌కు చెప్పే తీరిక ఉండదు గానీ దిద్దే అలవాటు ఉంటుంది. ముందున్న కాగితంలో తప్పు కనబడితే పెన్ను ఊరుకోదు. ఆ అలవాటును పట్టుకున్న జూనియర్‌కు రెండేళ్ళలో పని వస్తుంది. పట్టుకోని జూనియర్ ఐదేళ్ళయినా బ్యాగు మోస్తూనే ఉంటాడు.

ఇక్కడ సీనియర్ అంటే 1961 నాటి అడ్వకేట్స్ చట్టం 16వ సెక్షన్ కింద హోదా పొందినవారు అని కాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జిల్లా కోర్టుల వాడుకలో ఎవరి ఆఫీసులో చేరితే వారే సీనియర్ గారు.

ఆఫీసు ఎంచుకునేటప్పుడు

పేరున్న ఆఫీసులో చేరాలని అందరికీ ఉంటుంది. పేరు కన్నా నమ్మదగిన ఆనవాలు ఒకటుంది. ఆ ఆఫీసు నుంచి బయటికొచ్చిన పాత జూనియర్లు అదే కోర్టులో సొంతంగా ట్రయల్స్ నడుపుతున్నారా? ముగ్గురు నలుగురు కనబడితే అక్కడ పని చేతికి వస్తుందని లెక్క. పదేళ్ళుగా అక్కడే వాయిదాలు అడుగుతూ ఉండిపోయినవాళ్ళే కనబడితే, సీనియర్ గారు ఎంత మంచివారైనా ఆలోచించుకోవాలి.

తర్వాత చూడాల్సింది కట్టలకూ జూనియర్లకూ ఉన్న పొంతన. ఎనిమిది మంది జూనియర్లున్న చోట తొమ్మిదో మనిషికి డ్రాఫ్టు వంతు రావడానికి ఏడాది పడుతుంది. పని రకం కూడా ముఖ్యమే. చెక్కు కేసులో, మోటారు ప్రమాద క్లెయిములో మాత్రమే నడిచే ఆఫీసులో చేయి తొందరగా తిరుగుతుంది గానీ ఒకే మూసలో తిరుగుతుంది. మొదటి రెండేళ్ళు సివిల్ ట్రయల్ పని ఉన్న చోట గడిపితే దావా వేయడం నుంచి ఇష్యూలు (కోర్టు తేల్చాల్సిన అంశాలు), సాక్ష్యం, డిక్రీ, దాన్ని అమలు చేయించే ఎగ్జిక్యూషన్ పిటిషన్ దాకా గొలుసు మొత్తం కళ్ళముందు నడుస్తుంది. ఆ తర్వాత క్రిమినల్ వైపు మళ్ళినా నష్టం లేదు. మొదట బెయిలు పిటిషన్ల వేగానికి అలవాటుపడి, తర్వాత సివిల్ దావాల ఓపికకు రావడం మాత్రం కష్టం.

ఒక గీత వెనక ఏముంది

డ్రాఫ్టింగ్ దగ్గర ఎక్కువసేపు ఆగాలి. సీనియర్ దగ్గర దొరికే విద్యలో పెద్ద భాగం ఇక్కడే ఉంది, ఎక్కువమంది పోగొట్టుకునేదీ ఇక్కడే.

ఒక చెక్కు కేసు అనుకుందాం. 5,00,000 రూపాయల చెక్కు నిధులు చాలక తిరిగొచ్చింది. జూనియర్ నోటీసు రాశాడు. అసలు, 48,000 వడ్డీ, 2,000 నోటీసు ఖర్చు కలిపి, "మొత్తం 5,50,000 రూపాయలు 15 రోజుల్లో చెల్లించవలసింది" అన్నాడు. సీనియర్ గారు ఆ వాక్యం కొట్టేసి, "చెక్కు మొత్తం 5,00,000 రూపాయలు" అని పైన రాసి, వడ్డీని, ఖర్చును కింద వేరే పేరాలోకి దించి, కాగితం పక్కకు తోశారు. నోరు విప్పలేదు.

మామూలుగా జరిగేదేమిటంటే జూనియర్ ఆ దిద్దుబాట్లు టైపు చేయించి, నోటీసు పోస్టులో పంపేసి, ఇంటికి వెళ్ళిపోతాడు. పాఠం అక్కడే జారిపోయింది. ఆ రాత్రి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ తెరిచి ప్రొవైజో (సెక్షన్‌కు పెట్టిన షరతులు) చదివి ఉంటే సంగతి తెలిసేది. బ్యాంకు నుంచి సమాచారం అందిన 30 రోజుల్లో నోటీసు ఇవ్వాలి, ఆ నోటీసులో అడగాల్సింది చెక్కులో ఉన్న మొత్తం. అన్నీ కలిపి ఒకే అంకెగా అడిగితే నోటీసే చెల్లదని అవతలి న్యాయవాది లేస్తారు. నోటీసు పోతే ఫిర్యాదు నిలవదు. ఆ వాదన వచ్చే నాటికి 30 రోజులూ దాటి ఉంటాయి. చెక్కు చెల్లుబాటు గడువు మూడు నెలలూ దాటితే మళ్ళీ బ్యాంకులో వేసి కొత్తగా మొదలుపెట్టే దారి కూడా ఉండదు.

అందుకే డ్రాఫ్టు ఇచ్చేముందు తన కాపీ ఒకటి విడిగా ఉంచుకోవాలి. దిద్ది వచ్చినదాన్ని పక్కన పెట్టుకుని ఒక్కొక్క మార్పు ఏ జాతిదో గుర్తించాలి. భాష మార్పులు కొన్ని ఉంటాయి, వాటి మీద ఎక్కువసేపు పెట్టనక్కర్లేదు. సీనియర్ గారి ఇష్టాయిష్టాలు రెండు నెలల్లో అలవాటైపోతాయి. వాస్తవాల మార్పులు కొన్ని. ఇవి క్లయింటును అడగాల్సి ఉండి అడగని ప్రశ్నల్ని చూపిస్తాయి. మిగిలినవి చట్టం మార్పులు. వాటికి కారణం ఆ రాత్రే వెతకాలి. వెతికినా దొరకని ఒకటో రెండో మర్నాడు అడగాలి. ఇలా అడిగిన ప్రశ్నకు విసుక్కునే సీనియర్లు అరుదు. "ఈ వాక్యం ఎందుకు కొట్టేశారు సార్? 138 చూశాను, వడ్డీ అడగకూడదని లేదు కదా" అని అడిగితే, చాలాసార్లు ఒక తీర్పు పేరుతో సహా జవాబు వస్తుంది.

వాస్తవాల మార్పుకు ఒక ఉదాహరణ. విభజన దావా వేయడానికి ఒక ఆడపడుచు వచ్చింది. అత్తవారి ఊళ్ళో ఉంటోంది. "పొలం అన్నలే చేసుకుంటున్నారండీ" అంది. జూనియర్ ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, "వాది స్వాధీనంలో లేరు" అని రాశాడు. సీనియర్ గారు కాగితం చూసి క్లయింటును మళ్ళీ పిలిపించి ఒకటే అడిగారు. "అమ్మా, పంటలో నీకేమైనా పంపుతున్నారా?" నిరుటి దాకా ఏటా బియ్యం, కౌలు డబ్బులో వాటా పంపారట. ఆ జవాబుతో పేరా మొత్తం మారింది. సహ హక్కుదారుల్లో ఒకరి స్వాధీనం, మిగతావారిని బాహాటంగా కాదనేదాకా, అందరి స్వాధీనం కిందే లెక్క. ఫీజు కూడా దీన్నిబట్టే ఉంటుంది. 1956 నాటి కోర్టు ఫీజుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం ఉమ్మడి స్వాధీనంలో ఉన్న వాది కట్టేది స్థిరమైన ఫీజు. స్వాధీనం నుంచి తప్పించబడిన వాది తన వాటా మార్కెట్ విలువను బట్టి కట్టాలి. ఫీజు తగ్గించుకోవడానికి లేనిది రాయమని ఇందులో అర్థం లేదు. ఉన్న నిజాన్ని రాబట్టే ప్రశ్న జూనియర్‌కు తట్టలేదు, సీనియర్‌కు తట్టింది. డ్రాఫ్టింగ్ నేర్చుకోవడమంటే సగం ఈ ప్రశ్నలు పోగుచేసుకోవడమే. దావా రకానికి ఒక పేజీ పెట్టుకుని, సీనియర్ గారు క్లయింటును అడిగిన ప్రశ్నలన్నీ రాసుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి ఏ పుస్తకంలోనూ దొరకని సరంజామా అవుతుంది.

డ్రాఫ్టు అడిగేదాకా ఆగడం ఇంకో పొరపాటు. వకాలత్ (క్లయింటు తరఫున హాజరయ్యే అధికార పత్రం) పడేనాటికే జవాబుదావా గడువు మొదలై ఉంటుంది. సమన్లు అందిన 30 రోజులు, కోర్టు అనుమతిస్తే 90. పదో రోజుకల్లా ముడి డ్రాఫ్టు బల్ల మీద ఉంటే సీనియర్ నింపాదిగా దిద్దుతారు. ఇరవై తొమ్మిదో రోజు రాత్రి పెడితే దిద్దడం మానేసి తనే చెప్పి రాయిస్తారు. ఫైలింగ్ గడువులో అయిపోతుంది, జూనియర్‌కు మాత్రం మిగిలేదేమీ ఉండదు.

వాయిదా అడగడం చిన్న పనేమీ కాదు

కేసు పిలిచినప్పుడు లేచి పలికే కాల్ వర్క్‌కు నిలబడటాన్ని జూనియర్లు చిన్నచూపు చూస్తారు. నిజానికి న్యాయమూర్తి మొహం, జూనియర్ మొహం రోజూ కలిసే చోటు అదొక్కటే. "సీనియర్ గారు వేరే కోర్టులో ఉన్నారు, వాయిదా ఇప్పించండి" అని నిలబడితే, "కేసు ఏ దశలో ఉంది?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. నీళ్ళు నమిలితే ఆ రోజు వాయిదా దొరికినా పరువు దక్కదు.

ప్రతి కట్ట మీద చీటీ పెట్టుకోవాలి. అందులో కేసు నంబరు, మన పార్టీ ఎవరు, ఇప్పటి దశ, గత వాయిదా ఎవరడిగారు, ఎందుకు, పెండింగులో ఉన్న ఐఏలు (కేసు మధ్యలో వేసే మధ్యంతర దరఖాస్తులు), ఈ రోజు అడిగేదేమిటి, దానికి కారణం. సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 17 రూల్ 1 ఒక పక్షానికి విచారణలో మూడు వాయిదాలకు మించి ఇవ్వకూడదంటుంది. ఆచరణలో సడలింపు ఉంటుంది. అయితే గత మూడూ మన వైపు నుంచే వెళ్ళాయని తెలియకుండా నాలుగోది అడిగితే ఖర్చులు పడతాయి. అవతలి న్యాయవాదికి ముందే ఒక మాట చెప్పి ఉంచడం మర్యాదతో పాటు ముందుజాగ్రత్త కూడా. బెంచ్ మీదికి కేసు రాగానే ఆయన అడ్డం తిరిగితే జూనియర్ దగ్గర జవాబుండదు.

కేసు పిలిచినప్పుడు ఎవరూ లేకపోతే ఏమవుతుందో తెలిశాక ఈ పని విలువ అర్థమవుతుంది. వాది వైపైతే దావా డిఫాల్టులో కొట్టేస్తారు, ప్రతివాది వైపైతే ఎక్స్ పార్టీ, అంటే అతను లేకుండానే కేసు నడుస్తుంది. కొట్టేసిన దావాను తిరిగి తెరిపించుకోవడానికి, ఎక్స్ పార్టీ డిక్రీ తీయించుకోవడానికి ఉన్న గడువు మామూలుగా 30 రోజులే. అది కూడా దాటితే ఆలస్యాన్ని మన్నించమని ఇంకో పిటిషన్. ఈ కష్టాలు చాలావరకు ఒకే పొరపాటు వల్ల వస్తాయి. ఆఫీసు డైరీలో ఒక తేదీ, జూనియర్ సొంత డైరీలో ఒక తేదీ. సాయంత్రం ఆఫీసుకు రాగానే ఆ రోజు పడిన తేదీలన్నీ ఒకే డైరీలోకి ఎక్కించి, ఈ-కోర్ట్స్ యాప్‌లో ప్రతి కేసుకూ ఉండే సీఎన్ఆర్ నంబరు కొట్టి సరిచూస్తే పావుగంట పని.

తేదీతో పాటు డాకెట్ (కేసు రోజువారీ ఉత్తర్వుల పత్రం) మీద న్యాయమూర్తి రాసిన ఆర్డరు కూడా చదివి రావాలి. సీనియర్ గారు "ఏమైంది?" అని అడిగినప్పుడు "వాయిదా పడింది సార్" అనే జూనియర్‌కూ, "చివరి అవకాశమని రాశారు సార్, ఈసారి చీఫ్ అఫిడవిట్ పడకపోతే సాక్ష్యం క్లోజ్ చేస్తారు" అనే జూనియర్‌కూ తేడా ఆఫీసు మొత్తానికి తెలుస్తుంది. రెండోవారి చేతికి నెలలోపే ముఖ్యమైన కట్టలు రావడం మొదలవుతుంది.

క్రాస్ చూడటం

సీనియర్ అవతలి పక్షం సాక్షిని క్రాస్ (ఎదురు ప్రశ్నలతో పరీక్ష) చేస్తుంటే వెనక కూర్చుని వినడం వల్ల దానంతటదే ఏమీ రాదు. ముందు రాత్రి పని చేసి వస్తేనే ఫలితం. సాక్షి తన వాంగ్మూలాన్ని రాసిచ్చే చీఫ్ అఫిడవిట్ ఆర్డర్ 18 రూల్ 4 కింద ముందే చేతిలో ఉంటుంది. దాన్ని చదివి, సీనియర్ గారి నోట్సు చూడకుండా, సొంతంగా పది పదిహేను ప్రశ్నలు రాసుకోవాలి. కాగితం కుడివైపు సగం ఖాళీగా ఉంచి, మర్నాడు కోర్టులో సీనియర్ అడిగినవి, రికార్డయిన జవాబులు అక్కడ రాయాలి. సాయంత్రం చూడాల్సింది సీనియర్ అడగకుండా వదిలేసిన ప్రశ్నల్ని.

ప్రామిసరీ నోటు దావాలో ప్రతివాది తరఫున నోటు సాక్షిని క్రాస్ చేస్తున్నారనుకుందాం. జూనియర్ రాసుకున్న మొదటి ప్రశ్న, "డబ్బు ఇవ్వడం మీరు కళ్ళారా చూశారా?" సీనియర్ దాని జోలికే పోలేదు. ఆ ప్రశ్న వేస్తే సాక్షి "చూశానండీ" అని మరింత గట్టిగా చెప్పి, చీఫ్‌లో ఉన్నదానికి మేకు కొట్టి వెళతాడు. సీనియర్ అడిగినవి వేరు. మీ ఇల్లు ఎక్కడ, వాది ఇంటికి ఎంత దూరం, మిమ్మల్ని ఎవరు పిలిచారు, నోటు ఎక్కడ కూర్చుని రాశారు, రాసిందెవరు, వాది వేసిన వేరే దావాల్లో కూడా మీరే సాక్షా? పీడబ్ల్యూ 1, అంటే వాది వైపు మొదటి సాక్షి, నోటు తన ఇంట్లో రాశామన్నాడు. పీడబ్ల్యూ 2 రాతగాడి ఇంటి దగ్గర అన్నాడు. ఇది చాలు. "మీరిద్దరూ వేర్వేరుగా చెబుతున్నారు" అని అక్కడే ఎత్తిచూపకుండా వదిలేయడం కూడా నేర్చుకోవాల్సిందే. ఎత్తిచూపితే సాక్షి సర్దుకుంటాడు. ఆ తేడా వాదనల రోజుకు దాచిపెట్టుకున్న సరుకు.

చివర్లో వేసే సజెషన్ల మీద కూడా కన్నుండాలి. మన పక్షం కథను సాక్షి ముందు పెట్టి, అతను కాదన్నా సరే, రికార్డు చేయించకపోతే "ఈ మాట సాక్షిని అడగనే లేదు" అన్న దెబ్బ వాదనల్లో తగులుతుంది. కొత్తవాళ్ళ క్రాస్‌లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. ప్రశ్నల ఉత్సాహంలో సజెషన్లు మరిచిపోతారు.

జూనియర్ వెంటనే అక్కరకొచ్చే పని ఒకటుంది. సాక్షి తెలుగులో చెబుతాడు, రికార్డు చాలా కోర్టుల్లో ఇంగ్లిషులో నడుస్తుంది. "అప్పుడు ఊళ్ళో లేననుకుంటానండీ" అన్న మాట "ఊళ్ళో లేను" అని ఎక్కవచ్చు. సీనియర్ దృష్టి తర్వాతి ప్రశ్న మీద ఉంటుంది కనుక డిక్టేషన్ వినాల్సింది జూనియర్. తేడా వినగానే చీటీ అందించాలి. వాంగ్మూలం మీద సాక్షి సంతకం పడ్డాక దిద్దించడం గగనం. రెండుసార్లు ఇలా చీటీ అందించిన జూనియర్‌ను సీనియర్ ఆ తర్వాత వెనక బెంచీలో కూర్చోనివ్వరు.

అవకాశం అడగడానికీ పద్ధతుంది. "నాక్కూడా క్రాస్ ఇవ్వండి సార్" అంటే జవాబు నవ్వే. "వచ్చే మంగళవారం బ్యాంకు అధికారి రికార్డు తెస్తున్నారు, ఫార్మల్ సాక్షే. ప్రశ్నలు రాశాను, మీరు చూసి, పక్కన కూర్చుంటే నేను చేస్తాను" అంటే కాదనడానికి కారణం వెతుక్కోవాలి. కౌంటరు (అవతలివారి జవాబు) పడిన చిన్న ఐఏల్లో వాదన, ఎగ్జిక్యూషన్ పిటిషన్లు, బెయిలు పిటిషన్లు ఈ వరసలో అడగదగ్గవి. ఏడాదిన్నర గడిచినా ఒక్క ఐఏ కూడా సొంతంగా వాదించనివ్వకపోతే ఆ ఆఫీసులో ఉండటం గురించి మాట్లాడుకోవాల్సిన సమయం వచ్చినట్టే.

ఎప్పుడు, ఎలా అడగాలి

క్లయింటు ముందు సీనియర్‌ను సందేహం అడగకూడదు. వరండాలో, కోర్టు హాలు గుమ్మంలో అడగకూడదు. క్లయింటు ముందు అడిగిన సందేహం కేసు బలహీనతగా అతని చెవికి వెళుతుంది. అడగడానికి రోజులో రెండే చోట్లు. ఉదయం కట్టలు సర్దుకునే పావుగంట, రాత్రి ఆఖరి క్లయింటు వెళ్ళాక పది నిమిషాలు. కోర్టు నుంచి ఆఫీసుకు కారులో కలిసి వెళ్ళే జూనియర్లకు ఇంకో అరగంట అదనం. ఆ ప్రయాణంలో ఫోను చూసుకుంటూ కూర్చోవడం మాత్రం క్షమించరాని వృథా.

"ఈ కేసులో ఏం చేద్దాం సార్?" అన్నది ప్రశ్న కాదు, బరువు దించుకోవడం. దశ, అడ్డంకి, తన ప్రతిపాదన మూడూ ఉంటే అది ప్రశ్న. "ప్లెయింటు సవరించాలి సార్. చీఫ్ అఫిడవిట్ పడింది కాబట్టి ట్రయల్ మొదలైనట్టే, ఆర్డర్ 6 రూల్ 17 ప్రొవైజో అడ్డొస్తుంది. సర్వే రిపోర్టు మొన్ననే వచ్చింది, ముందే తెలుసుకునే వీలు లేదని అఫిడవిట్‌లో రాయనా?" దీనికి "రాయి" అనో, "ఆ రిపోర్టుకు దరఖాస్తు ఎప్పుడు పెట్టారో ముందు చూడు" అనో రెండు క్షణాల్లో జవాబు వస్తుంది. ఆ రెండో జవాబే బంగారం. దరఖాస్తు ఆలస్యంగా పెట్టి ఉంటే శ్రద్ధ చూపామన్న వాదన అక్కడే కూలుతుంది.

ఆఫీసులో ఇంకో గురువు గుమాస్తా. ఫైలింగులో కాగితాలు ఎందుకు రిటర్న్ అవుతాయో, ఎస్ఆర్ నంబరు (దాఖలు చేయగానే ఇచ్చే తాత్కాలిక నంబరు) పడ్డాక దావా నంబరు కావడానికి ఏవి అడ్డుపడతాయో, బత్తా (సమన్లు పంపే ఖర్చు) కట్టకపోతే సమన్లు ఎక్కడ ఆగుతాయో ఆయనకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. మొదటి మూడు నెలలు ఆయన వెంట కోర్టు ఆఫీసు సెక్షన్ల చుట్టూ తిరగడం నామోషీ అనుకునేవాళ్ళకు తర్వాత నష్టం. సర్టిఫైడ్ కాపీ సంగతే చూడండి. అప్పీలు గడువు లెక్కలో కాపీ దరఖాస్తు పెట్టిన రోజు నుంచి కాపీ సిద్ధమైన రోజు దాకా పట్టిన కాలం మినహాయింపు. దరఖాస్తు పెట్టకముందు పోయిన రోజులకు మినహాయింపు లేదు. అందుకే తీర్పు వచ్చిన రోజు సాయంత్రమే గుమాస్తా కాపీ అర్జీ వేస్తాడు, అప్పీలు వేసేదీ లేనిదీ క్లయింటు తేల్చుకోకముందే.

జూనియర్ ఇవ్వగలిగింది

2024 జూలై 1న పాత శిక్షా స్మృతి, క్రిమినల్ ప్రొసీజర్ కోడ్, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ న్యాయ సంహిత, భారతీయ నాగరిక సురక్షా సంహిత, భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాక జూనియర్ల చేతికి అనుకోని అవకాశం వచ్చింది. పాతికేళ్ళ అనుభవం ఉన్నవారికి పాత ప్రొసీజర్ కోడ్ 482 అనగానే ఎఫ్ఐఆర్ కొట్టివేత పిటిషన్ గుర్తొస్తుంది. కొత్త నాగరిక సురక్షా సంహితలో 482 ముందస్తు బెయిలు, కొట్టివేత 528. పాత 439 బెయిలు 483 అయింది. 167 కింద అడిగే డిఫాల్ట్ బెయిలు 187లోకి, 161 వాంగ్మూలాలు 180లోకి, నిందితుణ్ణి ప్రశ్నించే 313 పరీక్ష 351లోకి వెళ్ళాయి. ఈ పట్టిక ఒక పేజీలో రాసి సీనియర్ బల్ల అద్దం కింద పెట్టిన జూనియర్, రోజుకు నాలుగుసార్లు అక్కరకొస్తాడు. నేరం ఆ తేదీకి ముందు జరిగి ఎఫ్ఐఆర్ తర్వాత నమోదైన కేసుల్లో శిక్షలు పాత స్మృతివి, విచారణ పద్ధతి కొత్తది అన్న చిక్కు కూడా జూనియర్ చదివి పెట్టుకోవాల్సిందే. వాట్సాప్ సందేశాలు, సీసీటీవీ దృశ్యాలు దాఖలు చేసేటప్పుడు పాత సాక్ష్య చట్టం 65బి సర్టిఫికెట్ స్థానంలో వచ్చిన అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌కు రెండు భాగాలున్నాయి. ఒకటి దాఖలు చేసేవారిది, రెండోది నిపుణుడిది. రెండో భాగం మరిచిపోవడం ఇప్పుడు తరచూ జరుగుతోంది. ఈ-ఫైలింగ్ కూడా ఇంతే. సీనియర్‌కు అక్కర్లేని తలనొప్పిని తన నెత్తినెత్తుకున్న జూనియర్‌కు, బదులుగా ఇంకొంచెం తీరిక దొరుకుతుంది.

డబ్బు, సమయం, సొంత కేసులు

ఇవి చేరే రోజునే మాట్లాడుకోవాలి. మొహమాటపడి వదిలేస్తే మనసులో పేరుకుపోయి, ఏడాది తర్వాత గొడవగా బయటపడతాయి. జూనియర్లకు నెలకు పట్టణాల్లో కనీసం 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలు ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. అది సూచనే, తప్పనిసరి కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరు 3న మొదలైన లా నేస్తం పథకం కొత్త న్యాయవాదులకు నెలకు 5,000 రూపాయల చొప్పున మూడేళ్ళు ఇవ్వాలని పెట్టింది. ఆ అంకెను చూస్తేనే ఆఫీసుల్లో వచ్చేది ఎంతో ఊహించుకోవచ్చు. చేరేటప్పుడు "నెలకు ఎంత, ఎప్పటి నుంచి, పెట్రోలు ఖర్చు వేరా" అని అడగడం తప్పేమీ కాదు. మొదట్లో ఇవ్వలేనన్న సీనియర్‌తో ఆరు నెలల తర్వాత మళ్ళీ మాట్లాడదామని అప్పుడే అనుకుంటే, ఆ రోజు నోరు తెరవడం తేలిక. మహిళా జూనియర్లు రాత్రి ఆఫీసు ఎన్నింటి దాకా అన్నది కూడా మొదటే తేల్చుకోవడం మంచిది. "ఎనిమిదింటికి వెళ్ళిపోతాను సార్, ఉదయం ఎనిమిదికే వస్తాను" అని మొదటి రోజు చెబితే అది ఏర్పాటు. మూడో నెలలో చెబితే ఫిర్యాదులా వినిపిస్తుంది.

సొంత కేసు వస్తే తీసుకునే ముందు సీనియర్ చెవిన వేయాలి. అవతలి పార్టీ ఆఫీసు క్లయింటే అయి ఉండవచ్చు. క్లయింటు "సార్‌కు చెప్పకండి, మీరే చూసుకోండి" అంటూ జేబులో డబ్బు పెట్టబోతే, ఆ మాట ఆ సాయంత్రమే సీనియర్‌కు చేరాలి. ఫలితం గురించి క్లయింటు గుచ్చి గుచ్చి అడిగితే దశ చెప్పాలి తప్ప గెలుపోటములు చెప్పకూడదు. కట్టలోని సంగతులు ఇంట్లోనూ, స్నేహితుల వాట్సాప్ గ్రూపులోనూ వద్దు. క్లయింటు న్యాయవాదికి చెప్పుకున్నదానికి సాక్ష్య అధినియం 132వ సెక్షన్ ఇచ్చే రక్షణను కాపాడాల్సిన బాధ్యత జూనియర్‌కూ ఉంది.

కోపం విషయంలో ఒక గీత గీసుకోవాలి. డ్రాఫ్టు విసిరికొట్టి "ఇదేనా రాసేది?" అన్న సీనియర్, గంట తర్వాత అదే డ్రాఫ్టు మూడు రంగుల పెన్నుతో దిద్ది ఇస్తే, ఆ ఆఫీసు వదలాల్సిన అవసరం లేదు. తప్పు కాగితంలో ఉన్నా తిట్లు కులం మీదికో, కుటుంబం మీదికో, ఆడ మగ తేడా మీదికో పోయే చోట మాత్రం ఎంత విద్య దొరుకుతుందన్న లెక్క వేయనక్కర్లేదు.

2025 మే 20న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్) పోస్టులకు మూడేళ్ళ ప్రాక్టీసు తప్పనిసరి చేసింది. ఆ ప్రాక్టీసును ప్రధాన న్యాయాధికారి గానీ, ఆయన ఆమోదంతో కనీసం పదేళ్ళ అనుభవం ఉన్న న్యాయవాది గానీ ధ్రువీకరించాలని ఆ తీర్పులో ఉంది. దీనితో సర్టిఫికెట్ కోసమే ఆఫీసులో పేరు రాయించుకునేవారు పెరగడం సహజం. నిజంగా పనిచేసేవారు తమ జాడ కాగితం మీద ఉండేలా చూసుకోవాలి. వకాలత్ మీద సీనియర్ పేరు పక్కన తమ పేరు, ఎన్‌రోల్‌మెంట్ నంబరు రాయడానికి అనుమతి అడగాలి. తాము హాజరైన కేసుల నంబరు, తేదీ, చేసిన పని ఒక రిజిస్టరులో రాసుకోవాలి. మూడేళ్ళ తర్వాత సంతకం పెట్టే సీనియర్‌కు కూడా ఆ రిజిస్టరు ముందుంటే ఇబ్బంది ఉండదు.

బయటికి వచ్చేటప్పుడు

రెండు మూడు నెలల ముందే చెప్పడం మర్యాద. తన చేతిలో ఉన్న కట్టలన్నిటికీ జాబితా రాయాలి. కేసు నంబరు, దశ, వచ్చే వాయిదా, చేయాల్సి ఉన్న పని, గడువు దగ్గరపడినవి ఎర్ర సిరాతో. ఆ జాబితా గుమాస్తాకు ఒకటి, కొత్తగా వచ్చిన జూనియర్‌కు ఒకటి. ఆఫీసు క్లయింటు తన వెంట వస్తానన్నా, ముందున్న న్యాయవాది సమ్మతి గానీ కోర్టు అనుమతి గానీ లేకుండా ఆ కేసులో వకాలత్ వేయకూడదని బార్ కౌన్సిల్ నియమాలు చెబుతున్నాయి. అలాంటి క్లయింటును ముందు సీనియర్ గారి దగ్గరికే పంపి, ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకోమనాలి. చిన్న ఊరి కోర్టులో ఈ ఒక్క విషయంలో తేడా వస్తే మిగతా ఆఫీసుల తలుపులు కూడా మూసుకుంటాయి. పద్ధతిగా బయటికి వచ్చినవారికి సీనియర్ తనకు తీరిక లేని కేసులు పంపుతారు. మొదటి ఏడాది సొంత ఆఫీసు అద్దె చాలామందికి వాటి నుంచే గడుస్తుంది.